ఖాతాదారు ముసుగులో దొంగ: బ్యాంకింగ్ మాల్‌వేర్ తీరుతెన్నులు, నష్టభారం

బ్యాంకు ఖాతా నుంచి ఇంటర్నెట్ ద్వారా సొమ్ము మాయమైన ప్రతి సందర్భంలోను ‘బ్యాంకు హ్యాక్ అయింది’ అన్న శీర్షిక పత్రికలలో దర్శనమివ్వడం పరిపాటి. నేరం జరిగిన తీరును నిశితంగా పరిశీలిస్తే ఈ మాట చాలా సందర్భాలలో సరికాదని తేలుతుంది. బ్యాంకు సర్వర్ చెక్కుచెదరదు. దాని తాళాన్ని ఎవరూ పగలగొట్టరు. ముందుగా దొంగ వశమయ్యేది ఖాతాదారు వాడే కంప్యూటర్, లేదా ఆయన చేతిలోని ఫోను. ఆ క్షణం నుంచి బ్యాంకు దృష్టిలో దొంగే ఖాతాదారు. ఇది కేవలం పదాల మధ్య సూక్ష్మభేదం కాదు. పోయిన సొమ్మును ఎవరు భరించాలి, ఫిర్యాదు ఎంత వేగంగా అందాలి, దర్యాప్తు ఏ యంత్రం నుంచి మొదలు కావాలి అన్న ప్రశ్నలన్నీ ఈ భేదంతోనే ముడిపడి ఉన్నాయి.

ఈ తరహా నేరానికి మూలరూపంగా చెప్పదగినది ‘జియస్’ అనే ప్రోగ్రాం. గ్రీకు దేవుని పేరు పెట్టుకున్న ఈ మాల్‌వేర్ 2007లో తొలిసారిగా నిపుణుల దృష్టికి వచ్చింది. తరువాత వచ్చిన అనేక బ్యాంకింగ్ మాల్‌వేర్లు దీని పద్ధతులనే అనుసరించాయి. కనుక ఇది పనిచేసిన ఒక ఉదంతాన్ని కాస్త వివరంగా పరిశీలించడం ఉపయుక్తం.

ఒక స్థానిక సంస్థ ఖజానా

2009 జూన్ నెలాఖరులో అమెరికాలోని కెంటకీ రాష్ట్రానికి చెందిన బుల్లిట్ కౌంటీ బ్యాంకు ఖాతా నుంచి 4,15,000 డాలర్లు తరలిపోయాయి. కౌంటీ అంటే దాదాపు మన జిల్లా స్థాయిలో ఉండే స్థానిక పాలనా సంస్థ. అక్కడి చెల్లింపుల పద్ధతిలో జాగ్రత్తలు లేవని అనడానికి వీలులేదు. కోశాధికారి ప్రతిపాదించిన చెల్లింపును కౌంటీ పాలనాధిపతి ఆమోదించాలి. ఇద్దరి అనుమతి లేనిదే డాలరు కూడా కదలదు. దీనికి తోడు, కొత్త కంప్యూటర్ నుంచి ఎవరైనా ఖాతాలో ప్రవేశించడానికి ప్రయత్నిస్తే, ముందుగా నమోదైన ఈ-మెయిల్ చిరునామాకు ఒక్కసారి మాత్రమే చెల్లే సంకేత పదాన్ని బ్యాంకు పంపేది. కాగితం మీద ఇంతకు మించిన కట్టుదిట్టం అవసరం లేదనిపిస్తుంది.

దొంగలు ఈ రెండు గోడలనూ బద్దలు కొట్టలేదు. పక్కనుంచి నడిచి వెళ్లారు. కోశాధికారి కంప్యూటర్‌లో జియస్ కోవకు చెందిన మాల్‌వేర్ అప్పటికే తిష్ఠ వేసింది. దాని సాయంతో పాస్‌వర్డును సంగ్రహించి, ఆ కార్యాలయపు ఇంటర్నెట్ కనెక్షన్ గుండానే వారు బ్యాంకు సైటులో ప్రవేశించారు. బ్యాంకుకు అది నిత్యం చూసే యంత్రమే, నిత్యం చూసే చిరునామాయే. అక్కడి నుంచి పాలనాధిపతి పాస్‌వర్డును, ఆయన పేరిట నమోదైన ఈ-మెయిల్ చిరునామాను మార్చివేశారు. ఆ తరువాత ఆయన పేరుతో వేరొక కంప్యూటర్ నుంచి ప్రవేశించినపుడు బ్యాంకు నియమం ప్రకారమే సంకేత పదాన్ని పంపింది. అది నేరుగా దొంగల ఈ-మెయిలుకే చేరింది. కౌంటీ జీతాల జాబితాలో కొత్త పేర్లు చేరాయి. దేశంలోని వేర్వేరు ప్రాంతాలలో ఉన్న కనీసం 25 మంది ఖాతాలకు, ఒక్కొక్కటి 10,000 డాలర్లకు మించకుండా, సొమ్ము వెళ్లింది.

ఇద్దరు సంతకం చేస్తే తప్ప చెల్లింపు జరగరాదన్న నియమం ప్రతి ప్రభుత్వ కార్యాలయానికి సుపరిచితమే. ఇద్దరు వ్యక్తుల అధికారాన్నీ ఒకే యంత్రం నుంచి మార్చగలిగే వీలుంటే ఆ నియమానికి అర్థం ఉండదని బుల్లిట్ కౌంటీ ఉదంతం తేల్చింది. ఆర్థిక నియమావళిని రూపొందించే అధికారులు గమనించవలసిన కీలకాంశం ఇదే.

తాళం గుర్తు వెనుక జరిగేది

మాల్‌వేర్ కంప్యూటర్‌లోకి ప్రవేశించే మార్గాలలో ఆశ్చర్యపడవలసినది ఏమీ లేదు. కొరియర్ సంస్థ నుంచి, ఆదాయపు పన్ను శాఖ నుంచి, బ్యాంకు నుంచి వచ్చినట్లు భ్రమింపజేసే ఈ-మెయిల్, దానికి జోడించిన ఇన్వాయిస్ లేదా వర్డ్ పత్రం అత్యంత సాధారణ మార్గం. ఆ పత్రంలో దాగిన మాక్రోలు అనే చిన్న ఆదేశాలే అసలు ప్రోగ్రామును దిగుమతి చేస్తాయి. ఇంటర్నెట్ నుంచి వచ్చిన పత్రాలలో మాక్రోలు వాటంతట అవి పనిచేయకుండా మైక్రోసాఫ్ట్ సంస్థ 2022లో అడ్డుకట్ట వేసింది. దాదాపు పాతికేళ్లుగా తెలిసిన లోపానికి ఈ చర్య ఆలస్యంగా వచ్చిందనే చెప్పాలి. ఇవి కాక, నవీకరించని బ్రౌజర్‌తో సైటును తెరిచినంత మాత్రానే లోపలికి చొరబడే రకాలు, దొంగ ప్రతులుగా లభించే సాఫ్ట్‌వేర్‌తో కలిసి వచ్చే రకాలు కూడా ఉన్నాయి.

ప్రవేశించిన తరువాత జరిగేదే అసలు విషయం. చాలామంది భావించినట్లు ఈ ప్రోగ్రాం కంప్యూటర్‌ను స్తంభింపజేయదు, ఫైళ్లను చెరపదు. యంత్రం ఎప్పటిలాగే పనిచేయడం దానికి అత్యవసరం. యంత్రాన్ని ఆన్ చేసిన ప్రతిసారీ తానూ మేలుకొనే ఏర్పాటు చేసుకుని, దూరాన ఉన్న ఆదేశ సర్వర్ నుంచి ఒక జాబితాను తెచ్చుకుంటుంది. అందులో బ్యాంకుల వెబ్ చిరునామాలు ఉంటాయి. వినియోగదారు సినిమా చూసినా, లేఖ టైపు చేసినా అది పట్టించుకోదు. జాబితాలోని బ్యాంకు చిరునామాను బ్రౌజర్‌లో తెరిచిన మరుక్షణం పనిలోకి దిగుతుంది.

బ్రౌజర్ పైభాగాన కనిపించే తాళం గుర్తును చూసి లావాదేవీ సురక్షితమని భావించాలని ప్రజలకు చిరకాలంగా బోధించడం జరిగింది. ఆ గుర్తు చెప్పేది నిజమే. బ్రౌజర్ నుంచి బ్యాంకు వరకు వెళ్లే సమాచారం దారిలో ఎవరికీ అర్థం కాని గూఢ రూపంలో ఉంటుంది. మాల్‌వేర్ మాత్రం దారిలో కాపు కాయదు. అది బ్రౌజర్ లోపలే కూర్చుని, వినియోగదారు నింపిన వివరాలు గూఢ రూపంలోకి మారక ముందే ఒక ప్రతిని తీసుకుంటుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

అంతకంటే ప్రమాదకరమైనది పేజీని మార్చే పద్ధతి. బ్యాంకు పంపిన అసలు పేజీ తెరపైకి వచ్చేలోగా మాల్‌వేర్ దానిలో అదనపు గళ్లను చేరుస్తుంది. పాస్‌వర్డుతో పాటు ఏటీఎం పిన్‌ను, పుట్టిన తేదీని కూడా ‘భద్రతా కారణాల రీత్యా’ అడుగుతుంది. చిరునామా అసలైనదే, తాళం గుర్తు అసలైనదే, పేజీ రంగులు కూడా అసలైనవే. అనుమానించడానికి ఖాతాదారుకు ఆధారం ఏదీ మిగలదు. 2009లో జర్మనీలో బయటపడిన ‘యూఆర్ఎల్ జోన్’ అనే మాల్‌వేర్ మరో అడుగు ముందుకు వేసింది. సొమ్ము కాజేసిన తరువాత, బాధితుడు తన కంప్యూటర్‌లో చూసుకునే ఖాతా పట్టికలో దొంగిలించిన మొత్తం కనబడకుండా అంకెలను దిద్దేది. అసలు నిల్వ ఎంతో తెలియాలంటే బాధితుడు ఏటీఎంకో, వేరే కంప్యూటర్‌కో వెళ్లాలి.

భారతీయ రిజర్వు బ్యాంకు 2025లో బ్యాంకుల వెబ్‌సైట్లన్నీ ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ అనే ప్రత్యేక చిరునామాకు అక్టోబరు 31 లోగా మారాలని ఆదేశించింది. నకిలీ సైట్లను గుర్తించడానికి ఇది ఎంతగానో తోడ్పడే చర్య. పైన వివరించిన రకం దాడిలో ఖాతాదారు ఉన్నది అసలు సైటులోనే కనుక ఈ ఏర్పాటు దానికి విరుగుడు కాదని కూడా గుర్తించడం అవసరం. ఈ రెంటినీ ఒకటిగా చూపే ప్రచార సామగ్రి ప్రజలలో లేనిపోని ధీమా కలిగించే ప్రమాదం ఉంది.

ఓటీపీ వచ్చాక పాస్‌వర్డు చోరీతో పని జరగదన్న ఆశ కూడా ఎక్కువ కాలం నిలవలేదు. జియస్ ముఠాలలో ఒకటి జాబర్ అనే సందేశ వ్యవస్థను మాల్‌వేర్‌కు అనుసంధానించింది. బాధితుడు తన సంకేత పదాన్ని టైపు చేసిన క్షణంలోనే అది దొంగకు చేరేది. దాని గడువు తీరేలోగా లావాదేవీ ముగిసేది. 2010 నాటికి ఫోన్‌కు వచ్చే ఎస్ఎంఎస్‌ను కాజేసే జియస్ మొబైల్ రూపం కూడా వెలుగు చూసింది.

అద్దె ఖాతాలు, కోర్టు తీర్పులు

సంగ్రహించిన పాస్‌వర్డు దానంతట అది సొమ్ము కాదు. దానిని నోట్లుగా మార్చడానికి మనుషులు కావాలి. బుల్లిట్ కౌంటీ సొమ్మును అందుకున్న వారిలో పలువురు ఇంటి నుంచి చేసే ఉద్యోగమని నమ్మి చేరినవారే. తమ ఖాతాకు వచ్చిన మొత్తంలో కొంత ఉంచుకుని మిగిలినది విదేశాలకు పంపడమే వారికి అప్పగించిన పని. 2010 అక్టోబరులో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ వెల్లడించిన జియస్ ముఠా కేసులో దొంగిలించిన మొత్తం 7 కోట్ల డాలర్లు కాగా, దొంగిలించడానికి ప్రయత్నించినది 22 కోట్ల డాలర్లు. ఈ రెండు అంకెల మధ్య తేడా ఆలోచింపజేస్తుంది. పాస్‌వర్డులకు కొరత లేకున్నా, దొంగలు తలపెట్టిన మొత్తంలో మూడింట ఒక వంతుకు లోపే వారి చేతికి దక్కింది. మన పోలీసులు మ్యూల్ ఖాతాలు అని పిలిచే అద్దె ఖాతాలపై దృష్టి సారించడానికి కారణం ఇదే. సాంకేతికంగా దుర్భేద్యమైన నేరానికి ఇదే బలహీనమైన కణుపు.

నష్టభారం ప్రశ్న అమెరికాలో కోర్టులకు ఎక్కింది. అక్కడి చట్టం వ్యక్తిగత ఖాతాదారులకు కల్పించిన రక్షణ వ్యాపార సంస్థల ఖాతాలకు వర్తించలేదు. 2009 మే నెలలో మెయిన్ రాష్ట్రంలోని ప్యాట్కో అనే నిర్మాణ సంస్థ ఖాతా నుంచి సుమారు 5,88,000 డాలర్లు వెళ్లిపోగా కొంత భాగం మాత్రమే తిరిగి వచ్చింది. అసాధారణ లావాదేవీలని బ్యాంకు వ్యవస్థ తానే గుర్తించినా ఎవరూ పట్టించుకోలేదని 2012లో అప్పీలు కోర్టు గమనించి, బ్యాంకు భద్రతా విధానం వాణిజ్యపరంగా సహేతుకమైనది కాదని తీర్పు చెప్పింది. పాస్‌వర్డు సరిగా ఉంది కనుక బాధ్యత ఖాతాదారుదే అన్న వాదనకు ఆ తీర్పుతో గట్టి దెబ్బ తగిలింది.

జియస్ మూల కోడ్ 2011లో బహిర్గతమైంది. అప్పటి నుంచి దానికి అనేక సంతతులు పుట్టాయి. వాటిలో బలమైన ‘గేమ్‌ఓవర్ జియస్’ను 2014లో పలు దేశాల పోలీసులు కలిసి నిలువరించారు. దాని సూత్రధారిగా అమెరికా పేర్కొన్న యెవ్గెనీ బొగచేవ్ ఆచూకీకి 2015లో 30 లక్షల డాలర్ల బహుమతిని ప్రకటించారు. ఆ స్థాయి నేరస్థుల విషయంలో రాష్ట్ర పోలీసులు చేయగలిగినది పరిమితమే.

హైదరాబాద్‌లో జరిగినది

మాల్‌వేర్ ఖాతాదారు కంప్యూటర్‌కు బదులు బ్యాంకు ఉద్యోగి కంప్యూటర్‌లో చేరితే ఏమవుతుందో 2022 జనవరిలో హైదరాబాద్ చూసింది. ఏపీ మహేశ్ సహకార అర్బన్ బ్యాంకు నుంచి రూ. 12.48 కోట్లు దారి మళ్లాయి. పోలీసులు వెల్లడించిన వివరాల ప్రకారం, 2021 నవంబరులోనే ఆ బ్యాంకు సిబ్బందికి 200కు పైగా ఫిషింగ్ మెయిళ్లు వచ్చాయి. వాటిని తెరిచిన ఉద్యోగుల కంప్యూటర్లలో, దూరం నుంచి యంత్రాన్ని నడపగలిగే ట్రోజన్ ప్రవేశించింది. నేరం జరిగినది జనవరి నెలాఖరు వారాంతంలో. అంటే రెండు నెలలకు పైగా దొంగలు లోపలే ఉండి, ఎవరికి ఏ అధికారాలున్నాయో నింపాదిగా తెలుసుకున్నారన్నమాట.

సొమ్ము ముందుగా నాలుగు ఖాతాలకు, వాటి నుంచి 115 ఖాతాలకు, అక్కడి నుంచి 398 ఖాతాలకు వెళ్లి, దేశంలోని 938 ఏటీఎంల నుంచి నగదు రూపంలో బయటపడింది. కొంత మొత్తాన్ని మాత్రమే స్తంభింపజేయడం సాధ్యమైంది. సైబర్ భద్రతా నిబంధనలను పాటించనందుకు 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుపై రూ. 65 లక్షల జరిమానా విధించింది. ఇక్కడ దాడికి గురైనది బ్యాంకు వ్యవస్థే కనుక ‘బ్యాంకు హ్యాక్’ అన్న శీర్షిక సరైనదే. అయితే ఇక్కడ కూడా ఆరంభం ఒక ఉద్యోగి తెరిచిన ఈ-మెయిలే. నిపుణులు లేని చిన్న సహకార బ్యాంకు, కెంటకీ కౌంటీ కార్యాలయం ఒకే విధంగా దొరికిపోయాయి.

సర్కారు పేరే ఎర

కంప్యూటర్ కంటే ఫోనులోనే బ్యాంకింగ్ ఎక్కువగా సాగుతున్న మన దేశంలో ఈ మాల్‌వేర్ కూడా ఫోనుకే తరలింది. దీని వాహనం ఏపీకే ఫైలు. ప్లే స్టోర్‌తో నిమిత్తం లేకుండా ఆండ్రాయిడ్ ఫోనులో నేరుగా స్థాపించగలిగే ప్రోగ్రాం అది. ఫైలును తెరిచిన తరువాత ఎస్ఎంఎస్‌లు చదవడానికి అనుమతి కోరుతుంది. దృష్టిలోపం గలవారి సౌకర్యం కోసం ఆండ్రాయిడ్ కల్పించిన యాక్సెసిబిలిటీ సదుపాయాన్ని కూడా కోరుతుంది. రెండింటికీ ‘సరే’ అని నొక్కితే, తెరమీద కనిపించేది చదవడం, ఖాతాదారుకు బదులు తానే మీటలు నొక్కడం, వచ్చిన ఓటీపీని కంటపడకుండా దాచడం దానికి సాధ్యమవుతుంది.

2021 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ ‘డ్రినిక్’ అనే మాల్‌వేర్‌పై హెచ్చరిక జారీ చేసింది. 27 బ్యాంకుల ఖాతాదారులు దాని లక్ష్యం. ఆదాయపు పన్ను శాఖ పేరిట సందేశం వస్తుంది. యాప్‌ను స్థాపించి పాన్, ఆధార్, ఖాతా, కార్డు వివరాలను నింపితే ఇంత మొత్తం రీఫండు రావలసి ఉందని చూపుతుంది. ఆ మొత్తాన్ని ఖాతాకు మళ్లించబోతే పొరపాటు జరిగిందంటూ నకిలీ నవీకరణ తెరను ప్రదర్శిస్తుంది. ఖాతాదారు ఆ తెరను చూస్తూ వేచి ఉండగా వివరాలన్నీ దొంగకు చేరిపోతాయి. తరువాతి కాలంలో పీఎం కిసాన్ నమోదు, రవాణా శాఖ చలానా, బ్యాంకు కేవైసీ, పెళ్లి శుభలేఖల పేరిట ఏపీకే ఫైళ్లు తెలుగు రాష్ట్రాలలోని వాట్సాప్ గ్రూపులలో వ్యాపించాయి. ఒక ఫోనును వశపరచుకున్న ప్రోగ్రాం ఆ ఫోను యజమాని పేరుతోనే ఆయన గ్రూపులన్నింటికీ తనను తాను పంపుకోగలదు. అందువల్ల పంపినది తెలిసినవారేనన్న భరోసాకు విలువ లేకుండా పోయింది.

ఈ జాబితాను గమనిస్తే ఒక విషయం ప్రస్ఫుటమవుతుంది. పెళ్లి శుభలేఖ మినహా ఎరలు చాలావరకు ప్రభుత్వానివి, బ్యాంకులవి. రైతు పీఎం కిసాన్ పేరును నమ్మడం అతని అమాయకత్వం కాదు. ఆ పథకం సొమ్ము అతని ఖాతాకు నిజంగానే వస్తున్నది. ఒక పథకం ఎంత విజయవంతమైతే దాని పేరు దొంగకు అంతగా పనికివస్తుంది. ప్రభుత్వ శాఖలు తాము పంపే అసలు సందేశాలలో సైతం పొట్టి లింకులను వాడటం, జిల్లా గ్రూపులలో దరఖాస్తు యాప్‌లను ఫైలు రూపంలో పంచడం ఈ నేరానికి పరోక్షంగా దోహదం చేస్తున్నాయని ఒప్పుకోక తప్పదు. అలాంటి సందేశాలకు అలవాటు పడిన పౌరుడు అసలును, నకిలీని వేరు చేయలేడు.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఈ దిశలో కొన్ని చర్యలు చేపట్టింది. ముందుగా నమోదు చేయని లింకులు, ఏపీకేలు గల వాణిజ్య ఎస్ఎంఎస్‌లను 2024 అక్టోబరు 1 నుంచి నిలిపివేయాలని ఆదేశించింది. 2025లో చేసిన సవరణ ప్రకారం ప్రభుత్వ సందేశాల శీర్షిక చివర ‘జి’ అనే ఆంగ్ల అక్షరం ఉండాలి. వాట్సాప్‌కు మాత్రం ఈ ఏర్పాట్లు వర్తించవు. ఏపీకేలు ప్రధానంగా అక్కడే తిరుగుతున్నాయి.

మూడు పనిదినాలు

మన దేశంలో నష్టభారాన్ని నిర్ణయించిన ప్రధాన పత్రం రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న జారీ చేసిన సర్క్యులర్. సహకార బ్యాంకులకు సంబంధించిన ఉత్తర్వులు అదే సంవత్సరం డిసెంబరులో వెలువడ్డాయి. లోపం బ్యాంకుదైతే ఖాతాదారుకు నష్టం లేదు. లోపం బ్యాంకుదీ ఖాతాదారుదీ కాక, వ్యవస్థలో మరెక్కడో ఉంటే, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాలలో ఫిర్యాదు చేసిన ఖాతాదారు పైసా భరించనక్కరలేదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య ఫిర్యాదు చేస్తే సాధారణ పొదుపు ఖాతాకు గరిష్ఠంగా రూ. 10,000 భారం పడుతుంది. ఆపైన జాప్యమైతే బ్యాంకు పాలకమండలి విధానమే శరణ్యం. ఫిర్యాదు అందిన పది పనిదినాలలో సొమ్మును తాత్కాలికంగా జమ చేయాలని, ఖాతాదారు బాధ్యతను నిరూపించే భారం బ్యాంకుదేనని కూడా ఆ సర్క్యులర్ స్పష్టం చేసింది.

మాల్‌వేర్ కేసులలో వివాదమంతా ‘ఖాతాదారు నిర్లక్ష్యం’ అన్న ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది. ఓటీపీని ఫోనులో ఎవరికో చెప్పడం నిర్లక్ష్యమని సర్క్యులర్ ప్రకారం తేలికగా చెప్పవచ్చు. బ్రౌజర్‌లో దాగిన ప్రోగ్రాం, అసలైన బ్యాంకు పేజీలో కనబడిన గడి ద్వారా, ఎవరికీ చెప్పని ఓటీపీని కాజేస్తే దానిని ఏమనాలి? ఓటీపీ సరిగానే నమోదైంది కనుక లావాదేవీ ఖాతాదారుదేనని బ్యాంకు శాఖలు ఇచ్చే సమాధానం ఈ ప్రశ్నను తప్పించుకోవడమే అవుతుంది. రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులో విడుదల చేసిన ధ్రువీకరణ నిబంధనలు ఎస్ఎంఎస్ ఓటీపీకి అతీతమైన పద్ధతులను ప్రోత్సహించాయి; లావాదేవీ తీరును బట్టి అదనపు తనిఖీకి వీలు కల్పించాయి; నిబంధనలను పాటించకపోవడం వల్ల కలిగిన నష్టాన్ని ఖాతాదారుకు చెల్లించాలని నిర్దేశించాయి. వాటి అమలుకు 2026 ఏప్రిల్ 1వ తేదీని నిర్ణయించారు.

బ్యాంకు నిరాకరించినంత మాత్రాన బాధితునికి దారులు మూసుకుపోవు. సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 43వ సెక్షన్ ఇతరుల కంప్యూటర్‌లో వైరస్ వంటి హానికర ప్రోగ్రామును చొప్పించడాన్ని నష్టపరిహారం చెల్లించవలసిన చర్యగా పేర్కొన్నది. రూ. 5 కోట్ల వరకు గల ఇటువంటి క్లెయిములను విచారించే అధికారం ప్రతి రాష్ట్రంలోను సమాచార సాంకేతిక శాఖ కార్యదర్శికి ఉంది. నేర విచారణకు 66, 66సి, 66డి సెక్షన్లు వర్తిస్తాయి. పరిహారం కోసం కార్యదర్శిని ఆశ్రయించవచ్చన్న సంగతి బాధితులలో ఎక్కువమందికి తెలియదు. పోలీసు స్టేషన్లలోనే ఈ విషయాన్ని తెలిపితే మేలు కలుగుతుంది.

కేంద్ర హోం శాఖ పార్లమెంటుకు తెలిపిన వివరాల ప్రకారం 2024లో దేశ పౌరులు అన్ని రకాల సైబర్ మోసాలలో కలిపి రూ. 22,845 కోట్లు కోల్పోయారు. ఇందులో మాల్‌వేర్ వాటా ఒక భాగం మాత్రమే. అయితే సొమ్ము తరలే దారి అన్నింటికీ ఒక్కటే. 2021లో మొదలైన పౌర ఆర్థిక మోసాల ఫిర్యాదు వ్యవస్థ ఆ దారిని అడ్డగించడానికే ఏర్పడింది. 1930 నంబరుకు అందిన ఫిర్యాదు వెంటనే సంబంధిత బ్యాంకులకు చేరి, అద్దె ఖాతాలో ఇంకా మిగిలిన సొమ్ము స్తంభించిపోతుంది. సొమ్ము నాలుగు ఖాతాలలో ఉండగా ఆపడం వేరు, 398 ఖాతాలకు చేరాక ఆపడం వేరు. సర్క్యులర్‌లోని మూడు పనిదినాలు నష్టభారం లెక్కకు సంబంధించినవి. సొమ్మును పట్టుకోవడానికి ఉన్న వ్యవధి మాత్రం నిమిషాలలో లెక్క. ఈ రెంటినీ కలిపి ‘మూడు రోజుల గడువు ఉంది’ అని రాసిన వార్త పాఠకునికి మేలు కంటే కీడే చేస్తుంది.

కార్యాలయాల విషయానికి వస్తే, జియస్ ప్రబలిన రోజులలో అమెరికా బ్యాంకర్ల సంఘం చేసిన సూచన ఇప్పటికీ పనికివస్తుంది. చెల్లింపులకు ఒక కంప్యూటర్‌ను ప్రత్యేకించి, దానిలో ఈ-మెయిల్, ఇతర వెబ్‌సైట్లు తెరవకుండా చూడటం ఆ సూచన సారాంశం. ప్రతిపాదించేవారు, ఆమోదించేవారు వేర్వేరు యంత్రాలను వాడటం, ఒకరి ఈ-మెయిల్ లేదా ఫోన్ నంబరు మార్పును మరొకరు బ్యాంకుకు స్వయంగా ధ్రువీకరించడం దీనికి చేర్చదగినవి. ఖర్చు స్వల్పం. మారవలసినది అలవాటు.

మాల్‌వేర్ చొరబడినట్లు అనుమానం కలిగినపుడు బ్యాంకుకు, 1930కి ఫిర్యాదును వేరే ఫోను నుంచి చేయాలి. అదే యంత్రం నుంచి పాస్‌వర్డు మారిస్తే కొత్త పాస్‌వర్డు కూడా దొంగకే చేరుతుంది. ఇంటర్నెట్ కనెక్షన్‌ను తొలగించి, ఫోనును లేదా కంప్యూటర్‌ను ఉన్నది ఉన్నట్లుగా పోలీసులకు చూపాలి. దుకాణంలో ఇచ్చి ఫార్మాట్ చేయిస్తే, లోపం ఖాతాదారుది కాదని చూపగలిగే సాక్ష్యం దానితో పాటే తుడిచిపెట్టుకుపోతుంది. అనుమానాస్పద మెయిల్ లేదా సందేశం, లావాదేవీ సంఖ్యలు, ఫిర్యాదు చేసిన తేదీ, వేళ, బ్యాంకు ఇచ్చిన రసీదు సంఖ్యలను భద్రపరచుకోవాలి. ప్రభుత్వ కార్యాలయాలు, సంస్థలు వీటికి అదనంగా సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీ చేసిన ఆదేశాల మేరకు, సంఘటన తమ దృష్టికి వచ్చిన ఆరు గంటలలోగా ఆ సంస్థకు నివేదించవలసి ఉంటుంది. యంత్రాలను శుభ్రపరిచే ఉచిత ఉపకరణాలు 2017లో ప్రారంభమైన సైబర్ స్వచ్ఛతా కేంద్రం ద్వారా లభిస్తాయి. సాక్ష్యాధారాల సేకరణ ముగిసిన తరువాతే వాటిని వినియోగించాలి.